భీమిలి చుట్టుదారిని రూట్ ప్లానర్‌లో గీస్తుంటే ఒకచోట సవరించగానే మరోచోట గీత మారిపోతోంది

ప్రశ్న: ఉషోదయ జంక్షన్

అందరికీ నమస్కారం. మా సైకిల్ బృందం కోసం, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి బయలుదేరి, బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, మంగమారిపేట దాటి భీమిలి చేరి, అక్కడి నుంచి తగరపువలసకు మళ్లి, ఆనందపురం, మధురవాడ మీదుగా ఎండాడ వరకు వచ్చి, మళ్లీ బీచ్ రోడ్డుకు దిగి ఇల్లు చేరే చుట్టుదారి ఒకదాన్ని ఆన్‌లైన్ ప్లానర్‌లో (పటం మీద పాయింట్లు పెడితే వాటిని కలిపే దారి చూపే సైటులో) గీయాలని ప్రయత్నిస్తున్నాను. మొత్తం 60 కిలోమీటర్లు దాటుతుంది. దారి నాకు కొత్తేమీ కాదు. అయితే ఈసారి మాతో వచ్చేవారిలో కొందరు ఊరికి కొత్తవారు కాబట్టి, అందరి ఫోన్లలోనూ బైక్ కంప్యూటర్లలోనూ (సైకిల్‌కు తగిలించుకునే, దారి చూపే చిన్న పరికరాల్లోనూ) ఒకే రూటు ఉండేలా ఫైలు తయారుచేసి ముందుగానే పంపాలన్నది నా ఉద్దేశం.

భీమిలి వరకు గీత ఇట్టే వచ్చింది. తగరపువలసలో హైవే ఎక్కిన దగ్గర నుంచే తంటా మొదలైంది. ఆనందపురం దాటాక ఒక పాయింటు పెడితే, గీత ఆ చోటును దాటి ముందుకు పోయి, ఎక్కడో యూ టర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి పాయింటును తాకి, మళ్లీ తగరపువలస వైపే కొంత దూరం నడిచి, ఇంకోచోట తిరిగి నగరం దారి పడుతోంది. ఆ గీతను మౌస్‌తో పట్టుకుని లాగితే అక్కడ బాగుపడుతోంది కానీ, అంతకుముందే చక్కగా కుదిరిన మధురవాడ సర్వీసు రోడ్డు భాగం చెదిరి హైవే మీదికి ఎక్కేస్తోంది. ఎండాడ దగ్గర ఇంకో విడ్డూరం: బీచ్ రోడ్డుకు దిగమంటే, జంతు ప్రదర్శనశాల గేటు వరకు తీసుకెళ్లి, లోపలి నుంచి సాగర్‌నగర్ వైపు దారి చూపిస్తోంది. టికెట్టు కొని పులుల మధ్య నుంచి సైకిల్ తొక్కుకుంటూ పోవాలని దాని ఆలోచన కాబోలు.

చివరిగా, ఇదే గీతను రెండు వేర్వేరు ప్లానర్లలో వేసి చూస్తే మొత్తం ఎక్కుడు, అంటే దారి పొడవునా ఎక్కాల్సిన ఎత్తుల మొత్తం, ఒకదానిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు మరోదానిలో కనిపిస్తోంది. టెన్నేటి పార్కు దగ్గర గ్రాఫ్‌లో ముల్లులా నిటారుగా ఒక ఎక్కుడు లేస్తోంది. అక్కడ అలాంటి గట్టు లేదని నగరంలో ఎవరిని అడిగినా చెబుతారు. వీటిలో ఏది నా గీతలోని లోపమో, ఏది ప్లానర్ లోపమో తెలిసినవారు వివరించగలరని మనవి.


సమాధానం: గోస్తని తీరం

ఉషోదయ గారూ, మీ మొదటి రెండు చిక్కులకూ మూలం ఒకటే. ప్లానర్‌లో కనిపించేది మనం గీసిన గీత కాదు, మనం పెట్టిన పాయింట్ల మధ్య అది లెక్కకట్టి తెచ్చిన గీత. రోడ్ల పటాన్ని అది జంక్షన్లుగానూ, వాటిని కలిపే ముక్కలుగానూ చూస్తుంది. ప్రతి ముక్కకూ దాని పొడవు, రోడ్డు తరగతి, ఉపరితలం, ఏ దిశలో పోవచ్చన్న వివరాలను బట్టి ఒక ధర కడుతుంది. ఒక పాయింటు నుంచి తర్వాతి పాయింటుకు మొత్తం ధర తక్కువ పడే వరుసను ఎంచుకుంటుంది. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి, దాన్ని వేగవంతం చేస్తూ 1968లో వచ్చిన ఎ-స్టార్ పద్ధతి ఇప్పటికీ ఇలాంటి లెక్కలకు పునాదిగా ఉన్నాయి. సైకిల్ కోసం గీస్తున్నామని చెబితే పెద్ద రోడ్డుకు ధర పెంచుతుంది, చిన్న రోడ్డుకు తగ్గిస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు ఆనందపురం సంగతి చూద్దాం. డివైడర్ ఉన్న రోడ్డును పటంలో రెండు వేర్వేరు గీతలుగా, ఒక్కొక్కటీ ఒకే దిశలో సాగేలా గీస్తారు. మనం ఎడమవైపున నడిపేవాళ్లం కనుక, తగరపువలస నుంచి నగరానికి వచ్చేటప్పుడు సముద్రం వైపున ఉన్న గీత మనది. రెండోది శ్రీకాకుళం వైపు పోయేవారిది. పటాన్ని దూరం నుంచి చూస్తున్నప్పుడు ఈ రెండూ ఒకే గీతలా కలిసిపోతాయి, నొక్కిన పాయింటు వెళ్లి అవతలి దానికి అతుక్కుంటుంది. అప్పుడు ప్లానర్ చేయగలిగింది మీరు చూసినదే. ముందున్న యూ టర్న్ దాకా పోయి, ఎదురు రోడ్డులో వెనక్కి వచ్చి, పాయింటును తాకి, ఆ రోడ్డు దిశలోనే సాగి, మళ్లీ తిరిగే చోటు వెతుక్కోవాలి. రోడ్డు మీద బాణం గుర్తులు కనిపించేంత దగ్గరికి జూమ్ చేసి, ఆ పాయింటును సముద్రం వైపు గీత మీదికి జరిపితే ఈ ప్రదక్షిణలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి.

లాగినప్పుడు జరిగేది దీనికి కొంచెం భిన్నమైనది. గీతను పట్టుకుని లాగితే అక్కడ కొత్త పాయింటు పుడుతుంది. దానికి వెనుక ఉన్న పాయింటు నుంచి ముందు ఉన్న పాయింటు వరకు మొత్తం భాగాన్ని ప్లానర్ మళ్లీ లెక్కిస్తుంది. మీరు తగరపువలసలో ఒకటి, ఎండాడలో ఒకటి పెట్టి, మధ్యలో ఆనందపురం దగ్గర మాత్రమే లాగి ఉంటారు. మధురవాడ సర్వీసు రోడ్డు ఆ మధ్యలోనే ఉంది. అది కుదిరిందని మనం అనుకున్నాం కానీ, దాన్ని అక్కడ ఎవరూ బిగించలేదు. అప్పటి లెక్కలో ధర అటు తక్కువ పడింది కాబట్టి అలా వచ్చింది. చీర అంచు మడత పెట్టి కుట్టేముందు అక్కడక్కడ గుండుసూదులు గుచ్చినట్లు, నచ్చిన భాగానికి మొదట్లో ఒక పాయింటు, చివర ఒక పాయింటు పెట్టి, ఆ తర్వాతే పక్క భాగాన్ని ముట్టుకోవాలి.

పాయింటును జంక్షన్ నడిబొడ్డున పెట్టకపోవడం మంచిది. పటంలో జంక్షన్ అంటే ఒక చుక్క కాదు. ఎడమకు చీలే చిన్న ముక్కలు, డివైడర్ ఖాళీలు, సర్వీసు రోడ్డు కొసలు అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. మలుపు తిరిగాక 50 నుంచి 100 మీటర్ల అవతల, రోడ్డు ఒకే గీతగా ఉన్నచోట పెడితే ఏ సందేహానికీ తావుండదు. ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు లాంటి చోట, పైన వంతెన, కింద రోడ్డు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. పైనుంచి చూసే పటంలో మీరు నొక్కింది వంతెననో, దాని కింది దారినో ప్లానర్‌కు తెలియదు.

అలాగని వందల మీటర్లకొక పాయింటు గుచ్చుకుంటూ పోవడం నాకు నచ్చదు. ప్రతి పాయింటూ రోడ్డు నుంచి రవ్వంత పక్కకు పడినా, ఏ అపార్ట్‌మెంటు సందులోకో నాలుగు అడుగుల తోక ఒకటి మొలుస్తుంది. బైక్ కంప్యూటర్ మాత్రం అక్కడ "కుడికి తిరగండి, వెనక్కి తిరగండి" అని శ్రద్ధగా చెబుతుంది. మీ చుట్టుదారికి మలుపుల దగ్గర, సర్వీసు రోడ్డు కొసల దగ్గర పెడితే సరిపోతుంది. గీయడం పూర్తయ్యాక మొదటి నుంచి చివరి వరకు ఒకసారి దగ్గరగా జూమ్ చేసి గీత వెంట పటాన్ని జరుపుకుంటూ పోతే ఈ తోకలన్నీ కంటపడతాయి.

రూటును తిరగేసే బటన్ గురించి కూడా చెప్పాలి. ముందు తగరపువలస, తర్వాత భీమిలి అని దిశ మార్చాలనుకుంటే ఆ బటన్ నొక్కగానే పని అయిపోయినట్లే కనిపిస్తుంది. కానీ డివైడర్ ఉన్న రోడ్ల మీద మీరు బిగించిన పాయింట్లన్నీ ఇప్పుడు తప్పు వైపున ఉంటాయి కనుక, ప్రతిదాన్నీ అవతలి గీత మీదికి జరపాల్సి ఉంటుంది.


సమాధానం: పటం దిద్దుబాటు

జంతు ప్రదర్శనశాల విషయంలో లోపం మీదీ కాదు, లెక్కదీ కాదు, పటానిది. కొమూట్, స్ట్రావా, రైడ్ విత్ జీపీఎస్, బీరౌటర్ వంటి ప్లానర్లు దారి లెక్కకు ఆధారం చేసుకునేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తూ, దిద్దుతూ వస్తున్నారు. ఎవరో ఒకరు జూ లోపలి రోడ్లను ఓపికగా గీశారనుకోండి. హైవే వైపు గేటు, సాగర్‌నగర్ వైపు గేటు ఆ రోడ్లతో కలిసే ఉంటాయి. కానీ ఇవి అందరూ రాకపోకలు సాగించే వీధులు కావని, టికెట్టుతో మాత్రమే ప్రవేశమని గుర్తు పెట్టకపోతే ప్లానర్ కంటికి అది కూడా నీడపట్టున సాగే ప్రశాంతమైన వీధే. సైకిల్‌కు అంతకంటే చవకైన దారి దానికి ఏం దొరుకుతుంది?

మీ రూటు వరకు ఎండాడ మలుపు దాటాక, బీచ్ వైపు దిగే రోడ్డు మీద ఒక పాయింటు బిగిస్తే చాలు. కానీ రేపు ఇంకొకరికి ఇదే చిక్కు రాకుండా ఉండాలంటే పటాన్నే సరిచేయాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, బ్రౌజర్‌లోనే పనిచేసే ఐడీ అనే ఎడిటర్‌లో ఆ రోడ్లను ఎంచుకుని, ప్రవేశానికి సంబంధించిన వివరం నింపి, గేటు ఉన్నచోట గేటు గుర్తు పెట్టవచ్చు. సవరించడానికి మొహమాటంగా ఉంటే ఆ చోట ఒక గమనిక రాసి వదిలినా, ఈ ప్రాంతం తెలిసిన వారెవరో చూసి దిద్దుతారు. దిద్దిన వెంటనే ప్లానర్‌లో మార్పు రాదు. ఒక్కో ప్లానర్ తన ప్రతిని ఒక్కో వేళకు తాజా చేసుకుంటుంది కనుక కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు పట్టవచ్చు.

రెండు హద్దులు మాత్రం పాటించాలి. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇక్కడ రాయడం లైసెన్సు ప్రకారం కూడదు. మీరు స్వయంగా చూసినదే రాయాలి. అలాగే, మనకు హైవే ఇష్టం లేదని దానికి సైకిళ్ల నిషేధం గుర్తు తగిలించి ప్లానర్‌ను పక్కదారి పట్టించడం అన్యాయం. పటం అందరిదీ, రూటు ఒక్కరిదీ.

సైకిల్ రకాన్ని ఎంచుకునే చోట కూడా ఒకసారి చూసుకోండి. రోడ్డు సైకిల్ అని కాకుండా గ్రావెల్ అనో మౌంటెన్ అనో ఉంటే, మట్టి బాటలకు ధర తగ్గిపోయి, భీమిలి దారిలో గీత ఎర్రమట్టి దిబ్బల వైపు జారే అవకాశం ఉంది. భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల మీద చక్రాలు తిప్పడం తగదు, సన్న టైర్లతో ఆ ఇసుకలో ముందుకు పోవడం సాధ్యమూ కాదు. ఇదే మాట నౌకాదళ ప్రాంతాలకూ వర్తిస్తుంది. సింధియా, మల్కాపురం మీదుగా యారాడకు రూటు గీసేవారు, పటంలో గీత ఉన్నంత మాత్రాన లోపలికి అనుమతి ఉన్నట్లు కాదని గుర్తుంచుకుని, అందరూ వెళ్లే ఘాట్ రోడ్డు మీదే పాయింట్లు బిగించాలి.


సమాధానం: గాజువాక గేరు

పై ఇద్దరూ ఎక్కుడు సంగతిని వదిలేశారు కాబట్టి దాని గురించి రాస్తున్నాను.

ప్లానర్ మీ గీత వెంట నడిచి ఎత్తులు కొలిచి రాదు. నేల ఎత్తును గళ్ల రూపంలో నింపిన పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. గీత ఏ గడి మీదుగా పోతే ఆ గడిలోని అంకెను తీసుకుంటుంది. అనేక ప్లానర్లు వాడే పట్టిక, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచినప్పుడు తయారైనది. అందులో గడి వెడల్పు సుమారు 30 మీటర్లు. రాడార్ తరంగం చెట్ల కొమ్మల నుంచి, కట్టడాల నుంచి కూడా తిరిగి వస్తుంది కాబట్టి ఆ అంకె ప్రతిచోటా నేలదే అని చెప్పలేము.

టెన్నేటి పార్కు దగ్గర ఒక పక్క కైలాసగిరి వాలు, మరో పక్క సముద్రం, మధ్యలో ఇరుకుగా రోడ్డు. 30 మీటర్ల గడిలో రోడ్డుతోపాటు కొండ వాలు కూడా కొంత పడుతుంది. ఆ గడికి వచ్చే అంకె రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. మీ గీత కొద్ది మీటర్లు కొండ వైపు జరిగినా వాలు గడిలోకి పోయి, మరుక్షణం రోడ్డు గడిలోకి వస్తుంది. గ్రాఫ్‌లో మీరు చూసిన ముల్లు అదే. 30 మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల తేడా వచ్చిందంటే లెక్కకు 13 శాతం వాలు అవుతుంది. నిజంగా అంత వాలు ఉంటే అక్కడ అందరూ దిగి సైకిల్ నెట్టుకుంటూ పోవాలి. ఇలాంటి చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను ఒక ప్లానర్ ముందే చదును చేసి కూడుతుంది, మరొకటి ఉన్నవి ఉన్నట్లు కూడుతుంది. 60 కిలోమీటర్ల పొడవునా ఇవి పోగుపడితే రెట్టింపు తేడా రావడంలో ఆశ్చర్యం లేదు. రుషికొండ దగ్గరి ఎత్తుపల్లాలకు ఇవి తోడైతే బృందంలో కొత్తవారు అంకె చూసి భయపడతారు. మీకు బాగా తెలిసిన ఒక దారిని అదే ప్లానర్‌లో గీసి, అది చూపే ఎక్కుడుతో ఈ చుట్టుదారి ఎక్కుడును పోల్చుకోండి. రెండు ప్లానర్ల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం వృథా. ఫ్లైఓవర్ల దగ్గర కూడా గ్రాఫ్‌ను నమ్మకండి. చాలాసార్లు అది వంతెనను వదిలి కింది నేల ఎత్తునే చూపుతుంది.

ఫైలు పంపే విషయంలో మరో మాట. ప్లానర్ నుంచి దించుకునే జీపీఎక్స్ అనే రకం ఫైలులో దారిని రెండు విధాలుగా దాచవచ్చు. రూట్ అనే పద్ధతిలో కొన్ని పాయింట్లే ఉంటాయి. వాటి మధ్య దారిని అందుకున్న పరికరం తన సొంత పటంతో మళ్లీ లెక్కకట్టవచ్చు. అంటే, మీరు ఇక్కడ కష్టపడి తప్పించిన జూ దారి మీ మిత్రుడి బైక్ కంప్యూటర్‌లో తిరిగి ప్రత్యక్షం కావచ్చు. ట్రాక్ అనే పద్ధతిలో గీత పొడవునా దగ్గర దగ్గరగా చుక్కలు ఉంటాయి, పరికరం ఆ గీతనే చూపుతుంది. బృందానికి పంపేటప్పుడు ట్రాక్‌గానే పంపండి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఏ రకమో తెలుస్తుంది: 17.7, 83.3 చుట్టుపక్కల అక్షాంశ రేఖాంశాలు వందల వరుసల్లో కనిపిస్తే అది ట్రాక్. ట్రాక్‌లో మలుపుల సూచనలు ఉండకపోవచ్చు; అవి కావాలనుకునేవారికి అదే దారిని, మలుపుల సూచనలను కూడా దాచగల టీసీఎక్స్ అనే మరో రకం ఫైలుగా కూడా దించి ఇవ్వవచ్చు. దారి తప్పితే తనంతట తాను కొత్త దారి లెక్కకట్టే సదుపాయాన్ని పరికరంలో ఆపి ఉంచమని కూడా చెప్పండి.

రోడ్డు ఉండి పటంలో లేనిచోట కొందరు ఫ్రీహ్యాండ్ గీత వాడతారు. వాడవచ్చు కానీ, ఆ కాస్త మేరకే వాడి వెంటనే మామూలు పద్ధతికి రావాలి. ఫ్రీహ్యాండ్‌లో గీత రోడ్డును పట్టుకోదు కాబట్టి, మెలికల దారిని తిన్నగా కోసుకుంటూ పోయి దూరం తక్కువ చూపుతుంది. ఎత్తును కూడా రోడ్డు పక్కనున్న కొండ గడుల నుంచే తెస్తుంది.


ఉషోదయ జంక్షన్

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాయింటును సముద్రం వైపు గీత మీదికి జరపగానే ఆనందపురం ప్రదక్షిణ పోయి, మొత్తం దూరం నాలుగైదు కిలోమీటర్లు తగ్గింది. మధురవాడ సర్వీసు రోడ్డు రెండు కొసలా బిగించాను. ఇప్పుడు ఎక్కడ లాగినా అది కదలడం లేదు. గాజువాక గేరు గారు చెప్పినట్లు ఫైలు తెరిచి చూస్తే నేను మొదట దించుకున్నది రూట్ రకంగా ఉంది, ట్రాక్‌గా మళ్లీ దించాను.

ఇంకో రెండు సందేహాలు. బృందంలో కొందరు పూర్తి చుట్టుదారి తొక్కలేమని, రుషికొండ వరకు వచ్చి వెనక్కి వెళ్లిపోతామని అంటున్నారు. వారి కోసం మొత్తం మళ్లీ గీయాలా? రెండోది, ఈ రూటును ప్లానర్‌లో అందరికీ కనిపించేలా ఉంచితే ఇబ్బంది ఏమైనా ఉంటుందా?


సమాధానం: గోస్తని తీరం

మళ్లీ గీయనక్కరలేదు. ఇప్పుడున్న రూటుకు నకలు తీసి, వేరే పేరుతో దాచి, నకలులో రుషికొండ తర్వాతి పాయింట్లన్నీ తొలగించండి. వచ్చిన దారినే వెనక్కి తీసుకొచ్చే బటన్ కొన్ని ప్లానర్లలో ఉంది. ఇక్కడ మాత్రం దాన్ని నొక్కకండి. కొన్ని ప్లానర్లు గీతను ఉన్నది ఉన్నట్లు తిరగేస్తాయి కాబట్టి, బీచ్ రోడ్డు మీద ఎదురు వాహనాల వైపున మిమ్మల్ని నడిపిస్తాయి. రుషికొండలో తిరిగే చోట డివైడర్ ఖాళీ దాటాక, నగరం వైపు పోయే గీత మీద ఒక పాయింటు పెట్టి, ఆ తర్వాత ఇంటి వైపు చివరి పాయింటు పెడితే వెనుకదారిని ప్లానర్ సరిగానే లెక్కకడుతుంది.

అందరికీ కనిపించేలా ఉంచదలిస్తే, గీత మీ ఇంటి గేటు దగ్గర మొదలై అక్కడే ముగియకూడదు. 2018 జనవరిలో, స్ట్రావా విడుదల చేసిన ప్రపంచ హీట్‌మ్యాప్‌లో (వాడకందారులు తిరిగిన దారులు వెలుగు గీతలుగా కనిపించే పటంలో) సైనికుల వ్యాయామపు పరుగుల జాడలు కలిసి సైనిక స్థావరాల రూపురేఖలే బయటపడిన సంగతి వార్తల్లో వచ్చింది. నౌకాదళంలో పనిచేసేవారు మన సైకిల్ బృందాల్లోనూ ఉంటారు కాబట్టి, ఈ ఊరిలో ఆ జాగ్రత్త మరికొంత ఎక్కువే అవసరం. రూటు మొదలూ చివరా టెన్నేటి పార్కు దగ్గర పెట్టండి. ఇళ్ల నుంచి అక్కడికి ఎవరి దారి వారికి తెలిసినదే, ఊరికి కొత్తవారికి కూడా చెప్పడానికి సులువైన చోటు. చుట్టుదారికి, రుషికొండ నకలుకు రెండింటికీ అదే మొదలు కనుక ఆ పాయింట్లను మార్చి, ఫైళ్లు మరోసారి దించి పంపండి. పాత ఫైలు ఎవరి దగ్గరైనా ఉంటే తొలగించమని చెప్పండి.